ఆగకు అని చెప్పు

కలం పక్కన పెట్టి కుడిచేతి వేళ్ళు విరుచుకుంది హేబ్సిబా. మిషన్ ఆసుపత్రిలో ఇరవై ఏళ్ళు నర్సుగా చేసినా ఏనాడూ ఇంతగా నొయ్యని చెయ్యి, రెండు గంటలు కన్నడం రాసేసరికి మణికట్టు దాకా లాగుతోంది. బీఏ ఆఖరు సంవత్సరం, ఆఖరు పేపరు, భాషాశాస్త్రం. ఇంకో గంట ఉంది, ఇంకో రెండు ప్రశ్నలున్నాయి. ఈ గంట గడిస్తే ఇంటికి పోయి, కిటికీకి తడిచీర కట్టి, చాప కూడా పరుచుకోకుండా ఉత్త బండల మీద పడుకోవచ్చు. ఎవరూ లేపరు. లేపినా లేవదు. మూడేళ్ళుగా కోడి కూయకముందే లేచి, పొయ్యి మీద రొట్టె కాలుతుంటే ఒళ్ళో పుస్తకం పెట్టుకుని చదివిన చదువు ఇవాళ్టితో అయిపోతుంది. అయిపోయాక ఏమిటన్నది తర్వాత సంగతి, ముందు అయిపోనీ. ఏప్రిల్ ఎండ కిటికీ ఊచల్లోంచి వచ్చి బల్ల మీద చారలు చారలుగా పడింది. పైన ఫ్యాను తిరుగుతోందంటే తిరుగుతోంది, గాలి మాత్రం కిందికి రావడం లేదు. ముందు బెంచీలో పిల్ల జడకు కట్టిన మల్లెచెండు వాడి, గోధుమరంగు తిరిగి, ఆ వాసనే నిద్ర తెప్పిస్తోంది.

ఈ పిల్లకు ఇరవై ఉంటాయేమో. పక్కన కూర్చున్న కుర్రవాడికీ అంతే. వీళ్ళలో ఎంతమందికి ఆమే మొదటి స్నానం పోసిందో, ఎవరిని కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి ఏడిపించిందో, ఇప్పుడు చూస్తే పోల్చుకోలేదు. వాళ్ళకు మాత్రం ఆమె సిస్టరే. లెక్చరర్లకూ సిస్టరే, క్లాసులో హాజరు వేసేటప్పుడు కూడా "హేబ్సిబా సిస్టర్" అని పిలిచేవారు, పిల్లలు నవ్వేవారు. నలభై మూడేళ్ళ మనిషి బెంచీ మీద ఇరుక్కుని కూర్చుంటే నవ్వు రాదూ? అందరూ నవ్వినా నొచ్చుకోలేదు గానీ, ఇదే కాలేజీలో పీయూసీ చదివే కూతురు రిబ్కా చేరిన మొదటి వారమే తలవంచుకుని అన్న మాట మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. "అమ్మా, కాలేజీల నన్ను పేరు వెట్టి పిలువకే. ఎదురుపడ్డా సూడనట్టు పో." సరే అంది. అలాగే పోయింది. వరండాలో ఎదురుపడిన సొంత బిడ్డను చూడనట్టు దాటిపోవడం కూడా ఒక పాఠమే అయింది, అన్ని పాఠాల్లాగే మెల్లగా అలవాటైంది. కాలేజీ గేటు మీద మైసూరు అన్న మాట చెరిపేసి పోయిన శీతాకాలం కర్ణాటక అని రాశారు. తెల్లరంగు కింద పాత అక్షరాలు ఇంకా కనిపిస్తూనే ఉంటాయి. ఆమె పుట్టినప్పుడు బీదరు నిజాంగారిది, నర్సుగా చేరిన కొన్నేళ్ళకు మైసూరు వారిది, ఇప్పుడు కర్ణాటకది. ఆమె మాత్రం చర్చి వెనక వీధిలోనే ఉంది. బళ్ళో ఉర్దూ, బైబిలులో తెలుగు, వార్డులో ఇంగ్లీషు, కిటికీ అవతల మరాఠీ. కన్నడం మాత్రం వార్డులో నోటికి అంటినా, చదువుగా నలభయ్యో ఏట వచ్చింది, ఆలస్యంగా వచ్చిన చుట్టంలా, పెట్టె దించి ఇక వెళ్ళనన్నట్టు కూర్చుంది.

"ఏం ఫాయిదా?" అంటాడు సమూయేలు. నౌబాద్ దగ్గర నూనెమిల్లులో ఫిట్టరు, మంచివాడు, చెయ్యెత్తి ఎరగడు, పరీక్షల రోజుల్లో బియ్యం తనే ఏరతాడు. కానీ ఏరుతూ ఏరుతూ అడుగుతాడు. "సర్కారు నౌకరీకి వయసు దాటిపాయె. బళ్ళ పంతులమ్మగ తీస్కోరు. మల్ల ఎందుకే ఈ తిప్పలు? ఏం ఫాయిదా?" అని. కోపంతో కాదు, నిజంగానే తెలియక. రాచయ్య మాస్టారి సంగతి చెప్పబోయింది ఓసారి. తుంటి ఎముక విరిగి రెండు నెలలు మగవాళ్ళ వార్డులో పడి ఉన్న ముసలి కన్నడ పంతులు. మంచం మీద కదల్లేక, కదిలే మనిషి కనిపిస్తే చాలు పట్టుకుని మాట్లాడేవాడు. ఓ సాయంత్రం పాలగ్లాసు అందిస్తుంటే, సిస్టర్, మీరు పాలు అంటారు, మేము హాలు అంటాం, మీ పులి మాకు హులి, మీ పువ్వు మాకు హూవు, మీరు పో అంటే మేము హోగు అంటాం, ఎప్పుడైనా ఆలోచించారా అన్నాడు. ఆలోచించలేదు. ఆ క్షణం దాకా అవి ఇరుగుపొరుగు వాళ్ళ వేరే వేరే మాటలు. ఆ క్షణం తర్వాత, గ్లాసు పట్టుకుని నిలబడిపోయిన ఆమెకు, చిన్నప్పుడు విడిపోయిన అక్కాచెల్లెళ్ళు సంతలో ఎదురుపడి ఒకరి ముక్కు ఒకరు చూసుకుంటున్నట్టు అనిపించింది. ఆ రాత్రి డ్యూటీ అంతా వెతుక్కుంది, పల్లు హల్లు, పేను హేను. నవ్వుకుంది కూడా. ఆసుపత్రిలో చేరాక అలా ఒంటరిగా నవ్వుకోవడం అదే మొదలు. ఇదీ ఫాయిదా అని భర్తతో ఎలా చెప్పడం? పేనుకు హేనని తెలిసింది, అందుకు నౌకరీ మానేశానని ఎలా చెప్పడం?

"సిస్టర్."

తలెత్తింది. హాలుకు కాపలా ఉన్న లెక్చరరు బాబురావు వంగి మెల్లగా చెబుతున్నాడు. ఆసుపత్రి నుంచి మనిషి వచ్చాడట, అర్జెంటట, తలుపు దగ్గర రెండు నిమిషాలు మాట్లాడొచ్చట, మెట్లు దిగితే మాత్రం మళ్ళీ లోపలికి రానివ్వడానికి లేదట. అతని ముఖంలో జాలి ఉంది, అంతకన్నా ఎక్కువ భయం ఉంది, రూలు తప్పుతున్నాడు కనక. లేచింది. మోకాళ్ళు పట్టేశాయి. తలుపు దగ్గర దుర్గప్ప, ఆసుపత్రి అటెండరు, సైకిలు తొక్కి తొక్కి చొక్కా వీపుకు అంటుకుపోయింది. హళ్ళిఖేడ్ వాడు, ఇంట్లో కన్నడం, బజార్లో ఉర్దూ, తెలుగు వింటే సగం తెలుస్తుంది, నోరు మాత్రం తిరగదు. "జల్దీ చలో సిస్టర్" అన్నాడు ముందు, తర్వాత రొప్పుతూ సంగతి చెప్పాడు. కుశనూరు గాలయ్యను బండిలో వేసుకొచ్చారు. గజ్జల్లో పేగు దిగి మెలిపడింది, వెంటనే కొయ్యకపోతే మనిషి దక్కడు. కొయ్యాలంటే ఇంటివాళ్ళ వేలుముద్ర కావాలి. పెండ్లాం అంబమ్మ వెయ్యనంటోంది. హేబ్సిబమ్మ వచ్చి చెబితేనే వేస్తానంటోంది. కొత్త నర్సు కరుణమ్మ తెలుగులోనే బతిమాలింది, "నువ్వు నిన్న పుట్టిన పిల్లవు, నీకేం ఎరుక" అని కసిరిందట. అదిగో వస్తోంది ఇదిగో వస్తోంది అని రెండుసార్లు చెప్పారు, నమ్మడం మానేసింది.

పోయినేడూ ఇలాగే పిలుపొచ్చింది. ఎవరో మరాఠీ ఆమె, నొప్పులు పడుతూ ఎవరి మాటా వినడం లేదంటే, రాస్తున్న పేపరు వదిలేసి పోయింది. ఆ బిడ్డ బతికింది, ఆ పేపరు పోయింది, మళ్ళీ ఆర్నెల్లకు రాసుకుంది. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు, ఆమె కూడా ఏమీ అనుకోలేదు. ఇప్పుడు తలుపు పట్టుకుని నిలబడి, దుర్గప్ప భుజం మీంచి మెట్లను చూసింది. ఎనిమిదో పదో మెట్లు. దిగడం ఎంత సేపు. ఒక ప్రాణం ముందర ఒక పరీక్ష ఎంత అని లోపల నర్సు అడుగుతోంది, ఆ నర్సు ఎప్పుడూ కేకేసి అడగదు, చిన్నగా అడుగుతుంది, అందుకే ఇరవై ఏళ్ళు ఆ మాట దాటలేకపోయింది. దిగితే ఈ పేపరు పోతుంది. ఆర్నెల్లకు మళ్ళీ కూర్చుంటుందా? కూర్చోదు. తనకు తెలుసు. ఒంట్లో ఆ ఓపిక ఇక లేదు.

"నేను రాలేను దుర్గప్పా" అంది. అతను నోరు తెరిచి చూశాడు. "నా మాట తీస్కపో. నేను చెప్పినట్టే, తెలుగులనే చెప్పాలె. వేరే ఒక్క మాట కలపద్దు." ఉర్దూలో చెబితే అంబమ్మ ఇంకా బెదురుతుంది. ఆమెకు ఉర్దూ అంటే చిన్నప్పుడు పన్నుకు వచ్చిన అమీను మాట, పోలీసు మాట. కరుణమ్మ చేత చెప్పిస్తే ఆ పిల్లే కల్పించిందనుకుంటుంది. పోయి వచ్చిన మనిషే చెప్పాలి. "ఇనుకో. హేబ్సిబమ్మ పరీక్షల ఉన్నది, గంటకు వస్తది. భయపడకు అంబమ్మా, ఆగకు, ముద్ర ఎయ్యి. ఏదీ, అను."

"హేప్సిబమ్మా పరీక్షా ఉన్నదీ" అని మొదలుపెట్టాడు దుర్గప్ప, కళ్ళు పైకెత్తి, బళ్ళో పద్యం అప్పజెప్పే పిల్లవాడిలా. "బయపడ... బయపడ..."

"కు. భయపడకు."

"బయపడకు అంబమ్మా. ఆగా..."

"ఆగకు."

"ఆగకు. ముద్ర ఎయ్యి."

బాబురావు వెనక నుంచి సిస్టర్ సిస్టర్ అంటున్నాడు. హాల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఇంకోసారి అనిపించింది, సరిగ్గానే అన్నాడు. పరుగెత్తు అంది. అతను గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు, ఆమె తన చోటికి వచ్చి కూర్చుని కలం తీసుకుంది. తీసుకున్నాక, కింద సైకిలు స్టాండు తన్నిన చప్పుడుతో కలిసి కిటికీలోంచి వచ్చిన అతని గొంతు అప్పుడు చెవికెక్కింది. బయపడు అంబమ్మా, ఆగు. బయపడు అంబమ్మా, ఆగు.

కిటికీ వైపు లేవబోయింది. బాబురావు కళ్ళెర్రజేశాడు. సైకిలు వెళ్ళిపోయింది. ఒక్క అక్షరం జారిపోయింది, అంతే. కన్నడంలో వద్దనాలంటే నిండుగా బేడ అంటారు, చెయ్యడ్డం పెట్టినట్టుంటుంది, ఎవరూ మరిచిపోరు. తెలుగులో వద్దనడానికి ఒక్క కు, మాట చివర నలుసంత, పలికీ పలకనట్టు. ఆ నలుసు రాలిపోతే భయపడకు కాస్తా భయపడు అవుతుంది, ఆగకు కాస్తా ఆగు అవుతుంది. పైగా అతనికి ఆగు అంటే నిలబడు అని కూడా కాదు, అతని భాషలో ఆగు అంటే అవ్వు. ఏది అవ్వాలో, ఏది కాకూడదో తెలియని మాటను నోట్లో పెట్టుకుని ఎండలో సైకిలు తొక్కుతున్నాడు. గాంధీగంజ్ మలుపు దగ్గర లారీ హారను కొడితే ఆ మాట ఇంకేమవుతుందో. ఇంత తెలిసినదాన్ని, మూడేళ్ళు ఇదే చదివినదాన్ని, వేరే మాట ఎంచుకోకపోయానా? ధైర్యంగా ఉండు అనాల్సింది. తొందరగా ముద్ర ఎయ్యి అనాల్సింది. వద్దనే మాట లేకుండా చెప్పాల్సింది. ఇరవై ఏళ్ళు వార్డులో అలాగే కదా చెప్పింది, భయపడేవాళ్ళకు భయమన్న మాటే వినిపించకూడదని. అలిసిపోయి ఉంది, నోటికి వచ్చింది వచ్చినట్టు అనేసింది.

అంబమ్మ ఆ మాట విని ఏం చేస్తుంది? పన్నెండేళ్ళ కిందట, గర్భసంచిలో గడ్డకు కోత అంటే మంచం కోడు పట్టుకుని మూడు రోజులు వదల్లేదు. అంతకుముందు ఆమె తమ్ముణ్ణి ఎక్కడో దూరపు ఊళ్ళో ఆసుపత్రికి తీసుకుపోతే, వాళ్ళ భాష వీళ్ళకు రాక, వీళ్ళ భాష వాళ్ళకు రాక, ఏం జరుగుతోందో తెలియకుండానే బల్ల మీద పోయాడు. కాగితం మీద ముద్ర వేసింది అంబమ్మే. "నేను ఒత్తిన, ఆడు పోయిండు. నా ఏలే ఆన్ని సంపింది" అని బొటనవేలు చూపించేది. అప్పుడు హేబ్సిబా తలకాడ కూర్చుని ఒక రాత్రంతా చెప్పింది, లోపల ఏముంది, ఎక్కడ కోస్తారు, మత్తు ఎలా వస్తుంది, మేలుకున్నాక ఎక్కడ నొప్పి పుడుతుంది, జొన్నకంకి ఒలిచినట్టు ఒలిచి చెప్పింది. తెల్లారి అంబమ్మ తనే చెయ్యి చాపింది. ఆ తర్వాత ఏటేటా పంట వచ్చాక కందిపప్పు మూటతో వచ్చేది, ఆసుపత్రి మానేశాక ఇంటికి తెచ్చేది. బీఏ చదువుతున్నానంటే, "ఇంకా ఏం నేర్సుకుంటవే, అన్ని మాటలు నీకు రానే వచ్చె" అంది. నిజమే, అన్ని మాటలూ వచ్చు. నాలుగు భాషల్లో చావు కబురు చెప్పడం వచ్చు. మెత్తగా చెప్పడం, నిలబెట్టి చెప్పడం, కూర్చోబెట్టి చెప్పడం వచ్చు. డాక్టర్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చేవారు, ఇంగ్లీషులో ఒక ముక్క అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయేవారు. మిగిలిందంతా ఆమె నోటి పని. చెప్పాక వాళ్ళు డాక్టరు వైపు చూసి ఏడవరు, చెప్పిన నోటి వైపు చూసి ఏడుస్తారు.

రాచయ్య మాస్టారు పోయినప్పుడు కూడా ఆమె నోరే. మంచంలో పడి పడి ఊపిరితిత్తుల్లోకి నెమ్ము దిగింది. వరండాలో ఆయన భార్య, గుండ్రటి బొట్టు, చేతిలో ఉప్మా డబ్బా. తీరికొండరమ్మా అంది హేబ్సిబా. అంటూనే ఆ మాట చెవిలో ఆగిపోయింది. తీరికొండరు. తీరిపోయిండు. తీరడం, అప్పు తీరడం, ఆశ తీరడం, పని తీరడం, మనిషి తీరడం, రెండు భాషలూ చావును ఒకే మాటతో ఎందుకంటున్నాయి, ఎంత పాతది ఈ మాట, ఎవరు ఎవరి చావు చూసి మొదట అలా అన్నారు. ఎదురుగా ఆయన భార్య కూలబడుతోంది, డబ్బా దొర్లింది, ఆమె మాత్రం ఒక్క క్షణం ఆ మాట వెంట పోయింది. ఈ సంగతి చెబితే ఎంతో సంబరపడే మనిషి తెల్లగుడ్డ కింద ఉన్నాడు. ఆ తర్వాత కూడా కొన్నాళ్ళు డ్యూటీకి పోయింది, మాటలు చెప్పింది, మానేసింది. ఇక చాలు. ఎవరికీ ఏమీ కాని మాటలు కావాలి. పేను, హేను. పువ్వు, హూవు. ఎవరూ చావకుండా మాటను చేతిలోకి తీసుకుని తిప్పి చూడగలిగే చోటు ఒకటి కావాలి. ఆ చోటు ఈ బెంచీ అనుకుంది. ఆసుపత్రి నుంచి ఇక్కడికీ వచ్చారు.

కలం సిరా ఆరిపోయింది. విదిలించింది. ఏడో ప్రశ్న, ద్రావిడ భాషల పరస్పర సంబంధం గురించి సోదాహరణంగా రాయండి. ఆఖరికి అట్టేపెట్టుకుంది దీన్ని, పండగనాడు పిండివంట దాచుకున్నట్టు. ఇప్పుడు నోటికి రుచే లేదు. అయినా చెయ్యి రాయడం మొదలుపెట్టింది. పదాది పకారం కన్నడంలో హకారం కావడం, ఉదాహరణలు, ఇప్పుడు అంబమ్మ ఏం చేస్తోంది, తమిళంలో పాల్, కన్నడంలో హాలు, గాలయ్య రంగు మారి ఉంటాడు, గోళ్ళు నీలమయ్యి ఉంటాయి, మెలిపడ్డ పేగు నల్లబడితే ఇక కుట్టడానికి ఉండదు. సర్వనామాలు. సంఖ్యలు. వ్యతిరేకార్థకాలు అని రాసి ఆగింది. ఆ కిందనే రాయాల్సింది ఏమిటో తెలుసు. రాసింది. తెలుగున మధ్యమపురుషలో కు ప్రత్యయం, కన్నడంలో బేడ శబ్దం. రాస్తుంటే అక్షరం వంకర పోయింది. దిద్దలేదు.

ఇంకా అరగంట ఉంది. ఇప్పుడైనా లేవొచ్చు. ఉన్నది ఉన్నట్టు ఇచ్చేసి పోతే పాసు మార్కులు వస్తాయో రావో. రిక్షా దొరికితే పావుగంట. పోతే ఇప్పటికే ముద్ర వేసి ఉంటుంది, లేకపోతే ఇప్పటికే... అక్కడితో ఆలోచన తెగిపోయింది. తల లోపల పరుగులు పెట్టీ పెట్టీ ఒక చోట కూలబడింది. భయం కూడా అలిసిపోతుందని ఆమెకు తెలుసు, వరండాల్లో చూసింది, ఏడ్చి ఏడ్చి ఉన్నట్టుండి జడ అల్లుకోవడం మొదలుపెట్టే ఆడవాళ్ళను చూసింది. చెయ్యి పైకెత్తింది. బాబురావు గబగబా వచ్చాడు, వెళ్ళిపోతుందనుకున్నాడు కాబోలు, చెయ్యి చాపాడు పేపరు తీసుకోవడానికి.

"ఇంకో షీటు ఇవ్వండి" అంది.

అతను ఒక క్షణం ఆమె ముఖంలోకి చూసి, షీటూ దారమూ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ కాగితం మీద గంట కొట్టేదాకా రాసింది. బాగా రాసిందో లేదో తెలియదు. రాసింది.

గంట కొట్టాక పిల్లలు అరుచుకుంటూ సిరా చల్లుకుంటూ మెట్ల మీద పడ్డారు, పరీక్షలయిపోయాయి కదా. వాళ్ళ మధ్యలోంచి గోడ పట్టుకుని దిగింది. రిక్షావాడికి ఆసుపత్రి అని మాత్రం చెప్పింది. ఎర్రమట్టి దుమ్ము, తిరుగు ఎండ, రోడ్డు పొడుగునా ఏమీ చూడలేదు. ఆపరేషన్ గది ముందు వరండాలో, గోడకు ఆనుకుని, కాళ్ళు బార్లా చాపుకుని కూర్చుని ఉంది అంబమ్మ. హేబ్సిబా ముందు ఆమె ముఖం చూడలేదు, కుడిచెయ్యి చూసింది. బొటనవేలికి నల్లసిరా.

"వచ్చినవా" అంది అంబమ్మ. గొంతు బొంగురుపోయింది. "రాసినవా అంత?"

"రాసిన. ఏసినవా?"

"ఏసిన. ఎప్పుడో ఏసిన. లోపల కోస్తుండ్రు." కొంగుతో మూతి తుడుచుకుంది. "ఆ పొడుగోడు ఉరుక్కుంట వచ్చిండే, ఒళ్ళంత చెమటలు. నా ముంగట నిలవడి రెండు చేతులు గట్టుకోని అన్నడు, భయపడు అంబమ్మా, ఆగు, ముద్ర ఎయ్యి అని."

హేబ్సిబా గోడ పట్టుకుని పక్కనే కూలబడింది. "అట్లనే అన్నడా?"

"అట్లనే. అని, మల్లొక్కపారి అన్నడు, భయపడు, భయపడు అని గట్టిగ. నాకు నవ్వొచ్చింది బిడ్డా. మొగడు లోపల సావుబతుకుల్ల ఉంటే నవ్వుతుందేంది ముసలిదని అందరు నన్నే సూసిండ్రు. భయపడుమని ఎవలన్న చెప్పి పంపుతరానే? ఆగుమనేదానికి గంత ఎండల అంత దూరం ఉరికొస్తరా? ఆనికి మాట రాలే, నాకు సమజయింది. నవ్వినంక గుండెల బిగువు ఇడిసింది. ఏది, యాడ ఒత్తాలె అన్న."

అంబమ్మ సిరా అంటిన వేలును చీర అంచుకు రుద్దుతూ, రుద్దుతూ, ఆ రుద్దుడు ఆపి అడిగింది. "సదువు అయిపాయె గద. ఇగ మల్ల ఈడ పనికొస్తవా?"

"రాను అంబమ్మా."

"రాకు" అంది అంబమ్మ. "నీ మొకం సూడు, ఎట్ల పీక్కపోయిందో."

తలుపు తెరుచుకుంది. డాక్టరు బయటికొచ్చి ముసుగు కిందికి లాగి, పక్కనున్న కరుణమ్మతో ఇంగ్లీషులో రెండు ముక్కలు చెప్పి చేతులు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. హేబ్సిబా నోరు దానంతటదే తెరుచుకుంది. ఏ మాట ముందు, ఏ మాట తర్వాత, ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, అన్నీ నాలుక మీదికి వచ్చి నిలబడ్డాయి. ఈలోపే కరుణమ్మ వచ్చి అంబమ్మ ముందర గొంతుక్కూర్చుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, టోపీ పక్కకు జారింది, ముక్కు మీద చెమట.

"పెద్దమ్మా, తాత మంచిగున్నడు. పేగు నల్లవడలే, లోపలికి సర్ది కుట్లేసిండ్రు. మత్తుల ఉన్నడు, పొద్దు గూకినంక కండ్లు తెరుస్తడు. నీళ్ళు అడుగుతడు, ఇయ్యద్దు. పెదవులు తడుపు, సాలు."

అంబమ్మ ఆ పిల్ల ముఖంలోకి చూస్తూ విన్నది. విని తలూపింది. నిజమేనా అని ఇటు తిరిగి అడుగుతుందని హేబ్సిబా చూసింది. అడగలేదు. "నీళ్ళల్ల ముంచిన గుడ్డతోని తడపాల్నా, దూదితోనా?" అని కరుణమ్మనే అడిగింది. దూదితో అంది కరుణమ్మ, పద చూపిస్తానని చెయ్యందించి లేపింది. ఇద్దరూ లోపలికి పోయారు. హేబ్సిబాకు ఎక్కడో సన్నగా చురుక్కుమంది. కాసేపే. తర్వాత ఆ చోట ఏమీ లేదు, ఖాళీగా, చల్లగా ఉంది.

లేవాలనుకుంది, లేవలేదు. ఇరవై ఏళ్ళు ఈ వరండాలో వెయ్యిసార్లు నడిచింది, కింద కూర్చోవడం ఇదే మొదటిసారి. బండ ఇంత చల్లగా ఉంటుందని తెలియదు. గోడకు తల ఆనించి కళ్ళు మూసుకుంది. అవతల ఎవరో మరాఠీలో చంటిదాన్ని జోకొడుతున్నారు. స్తంభం దగ్గర ఇద్దరు ముసలివాళ్ళు ఉర్దూలో బస్సు వేళల గురించి వాదించుకుంటున్నారు. ఒకామె కన్నడంలో, అన్నం తిన్నావా అని ఎవరినో అడుగుతోంది, అటు నుంచి జవాబు రాలేదు, మళ్ళీ అడిగింది. అన్నీ వినిపిస్తున్నాయి, అన్నీ అర్థమవుతున్నాయి. ఒక్కటీ ఆమెను అడిగింది కాదు. వింటూ వింటూ ఉండగానే, మాటలు మాటలుగా ఉండడం మానేసి దూరమవుతూ, వాన చప్పుడులా కలిసిపోతుంటే, హేబ్సిబా కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది.